పాట కోరనివారు

వినీత్ చెప్పులు విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి, రెండు వేళ్ళతో పట్టుకున్న తెల్ల కవరుని ఛాయాదేవి వైపు చాచాడు.

"ఆంటీ, ఇది మీరే చూడుండ్రి. నాకైతే చెమటలు పడుతున్నయ్."

మంగళవారం సాయంత్రం ఆరున్నర. షామ్‌బర్గ్‌లో జూన్ ఎండ ఇంకా దిగలేదు. కుర్రాడి మెడలో ఆఫీసు బ్యాడ్జి అలాగే ఉంది. అంటే మెయిల్‌బాక్స్ తెరిచినవాడు తెరిచినట్టే కారెక్కి వచ్చాడన్నమాట. ఛాయాదేవి అప్పటిదాకా క్యాసెట్ డెక్ ముందు కూర్చుని, దూదికి స్పిరిట్ అద్ది, దాని హెడ్ తుడుస్తోంది. చెయ్యి కుర్తాకి తుడుచుకుని కవరు అందుకుంది.

సెనేటర్ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం. అంతర్జాతీయ ప్రసార హక్కుల ఒప్పందం మీద మీ అభిప్రాయం రాసి పంపినందుకు కృతజ్ఞతలు, మీ ఆందోళనను దృష్టిలో పెట్టుకుంటాం అని నాలుగు మర్యాద వాక్యాలు. కింద సంతకం.

"థాంక్స్ చెప్పాడు కదయ్యా! దీనికెందుకు చెమటలు?"

"నేను ఆయనకి ఎప్పుడు రాసిన ఆంటీ?"

ఛాయాదేవి కాగితాన్ని మళ్ళీ మడత పెట్టింది. వచ్చిన మడతల్లోనే జాగ్రత్తగా పెట్టింది, ఆ కాసేపట్లో ఏదైనా మాట దొరుకుతుందేమోనని.

"మన రేడియో గురించి నమ్రతా నేనూ ఉత్తరాలు పోగుచేస్తున్నాం కదా. నువ్వు మన ప్రోగ్రాం వినేవాడివే. నీ పేరు కూడా..."

"మీరు రాసిండ్రా?"

"రాశాను. అయితే ఏమైంది?"

వినీత్ గోడకి చెయ్యి ఆనించాడు. "నా హెచ్‌వన్ ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌ల ఉంది. పోయిన నెలనే ఇంకా కాగితాలు కావాలని గవర్నమెంట్ నుంచి లెటర్ వచ్చింది. గిప్పుడు నా పేరు మీద, నేను పెట్టని సంతకంతోని ఇంకో లెటర్ గవర్నమెంట్ ఆఫీస్‌ల ఉంది. లాయర్‌కి ఏం చెప్పాలె?"

"నీ వీసాకీ దీనికీ సంబంధమే లేదు."

"లేకపోవచ్చు. మీరు అడిగుంటే నేను పెట్టేటోణ్ణేమో. పెట్టకపోయేటోణ్ణేమో. కానీ అడగాలె గద ఆంటీ."

అంతే. అరవలేదు, తలుపు విసరలేదు. టీ తాగి వెళ్ళమంటే తల అడ్డంగా ఊపి మెట్లు దిగిపోయాడు. అరిచి ఉంటే బాగుండేదని ఛాయాదేవికి అనిపించింది. అరిచిన మనిషి మీద తిరిగి అరవొచ్చు.

మళ్ళీ డెక్ ముందు కూర్చుంది గానీ చెయ్యి ఆడలేదు. పక్కనే ప్రోగ్రాం నోట్‌బుక్ ఉంది. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున పదింటికి కమ్యూనిటీ కాలేజీ రేడియోలో గంటసేపు తెలుగు పాటలు వేస్తోంది ఆమె. ఎవరైనా ఫోన్ చేసి పాట అడిగితే ఆ పేర్లు అందులో రాసుకుంటుంది. అడిగేది ఒకరే. చదివేటప్పుడు మాత్రం "ఈ పాట కోరినవారు" అని మొదలుపెట్టి, ఆయన పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు, వాళ్ళ పక్కింట్లో తెలుగువాళ్ళుంటే వాళ్ళ పేర్లు కూడా ఏకబిగిన చదివేస్తుంది. చిన్నప్పుడు ఇంట్లో రేడియోలో విన్న పద్ధతి అది. ఇన్నేళ్ళలో నా పేరెందుకు చదివారని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. చదవకపోతేనే గుడిలో కనపడ్డప్పుడు మూతి ముడుచుకునేవారు.

ఉత్తరాల దగ్గర కూడా ఆ నోటి అలవాటే చేతికి వచ్చింది. వంద ఉత్తరాలుంటే సెనేటర్ ఆఫీసు మనల్ని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడుతుందని, లా చదువుతున్న నమ్రత చెప్పింది. ఎండనక వాననక, ఇండియన్ గ్రోసరీ ముందూ గుడి మెట్ల దగ్గరా నిలబడితే వచ్చినవి అరవై మూడు. మిగిలిన ముప్పై ఏడూ మే నెలలో ఒక మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, నాలుగు రంగుల పెన్నులు ముందేసుకుని, నోట్‌బుక్‌లో పేర్లూ ఉగాది కార్డుల జాబితాలో అడ్రసులూ చూసి ఛాయాదేవే పూర్తి చేసింది. ప్రతి ఉత్తరం చివరా రెండు ఖాళీ గీతలుంటాయి, ఈ విషయం మీకెందుకు ముఖ్యమో మీ మాటల్లో రాయండి అని. అచ్చు ఉత్తరాన్ని ఎవరూ చదవరట, చేత్తో రాసిన ఆ రెండు వాక్యాలే చదువుతారట. ఛాయాదేవి ముప్పై ఏడుగురికీ ముప్పై ఏడు రకాలుగా రాసింది. చెప్పకేం, రాస్తున్నంతసేపూ ఆమెకి హుషారుగా ఉంది. స్క్రిప్టు రాయడం ఆమెకి చేతనైన పని.

'చాలా బాగా రాశాను' అని అప్పుడు అనుకున్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చి ఆమె చెవులు వేడెక్కాయి.

బుధవారం పొద్దున మల్లికార్జునరావు గారు వచ్చారు. డెబ్బై రెండేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళ క్రితమే ఈ దేశం వచ్చి, వంతెనలు కట్టే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. భార్య కృష్ణకుమారి గారు జనవరిలో పోయారు. ఛాయాదేవి ఆయన్ని బాబాయిగారనీ ఆవిణ్ణి పిన్నిగారనీ పిలిచేది. పిన్నిగారు పోయిన పది రోజులూ వంతుల మీద భోజనం తీసుకెళ్ళినవాళ్ళలో తనూ ఉంది.

ఆయన చేతిలోనూ అదే కవరు. కాకపోతే ఈ కవరు పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులో ఉంది.

దాని మీద కృష్ణకుమారి గారి పేరుంది. ఛాయాదేవి రాసిన వందో ఉత్తరానికి జవాబు అది. తొంభై తొమ్మిది అయ్యాక నోట్‌బుక్‌లో కొత్త పేర్లు అయిపోయాయి. 'మల్లికార్జునరావు, కృష్ణకుమారి' అని వారం వారం జంటగా చదివే పేర్లు కనపడ్డాయి. ఆయన ముందే సంతకం పెట్టి ఉన్నారు. ఆవిడ లేరని ఛాయాదేవికి తెలుసు. మరిచిపోయి రాసిందని చెప్పుకోవడానికి కూడా లేదు. ఉంటే పెట్టేవారే కదా, ఆవిడ పాట కోసమే కదా ఈ గొడవంతా అనుకుని రాసింది.

అబద్ధమేం కాదు, ఆ పాటతోనే ఈ గొడవ మొదలైంది. రెండేళ్ళ క్రితం కృష్ణకుమారి గారు స్టూడియోకి వచ్చి ఒక దంపుళ్ళ పాట పాడారు. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నది, వాళ్ళమ్మ ఎవరి దగ్గర నేర్చుకుందో తెలీనిది. ఇప్పుడు జెనీవాలో దేశదేశాల పెద్దలూ కూర్చుని రాస్తున్న ఒప్పందం ప్రకారం, పాట ఎవరిదైనా సరే, దాన్ని ప్రసారం చేసిన స్టేషన్‌కి ఆ ప్రసారం మీద యాభై ఏళ్ళు హక్కుంటుంది. రేపు కాలేజీ ఈ స్టేషన్‌ని ఏ కంపెనీకో అమ్మితే, ఆ రికార్డింగుని ఇంకోచోట వెయ్యాలన్నా వాళ్ళని అడుక్కోవాలి. "పాడింది ఒకళ్ళు, తనదనేది మైకు పెట్టినవాడా?" అని గుడి మెట్ల దగ్గర ఛాయాదేవి అందరితోనూ అన్న మాట ఇదే.

"కూర్చోండి బాబాయిగారూ. కాఫీ..."

"వద్దమ్మా." ఆయన సోఫా అంచున కూర్చున్నారు. "కుమారి ఈ ఉత్తరం ఎప్పుడు రాసింది?"

అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన కళ్ళు చూసేసరికి వేరే మాట జారింది.

"డిసెంబరులో అనుకుంటా. నవంబరు నుంచే పోగుచేస్తున్నాం కదా."

"డిసెంబరులో," అన్నారాయన. వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకున్నారు. "అంటే హాస్పిటల్‌కి వెళ్ళే ముందు." తొడుగులోంచి కాగితం తీసి, కింద అచ్చు అయిపోయాక పెన్నుతో రాసి ఉన్న వాక్యం మీద వేలు పెట్టారు. ఆఫీసులో ఎవరో ప్రత్యేకంగా రాసిన వాక్యం. "చదువమ్మా ఇది."

ఛాయాదేవి చదవక్కర్లేదు. 'మా ఇంట్లో నా పాట ఎవరూ వినలేదు, రేడియో ఒక్కటే విన్నది అన్న మీ మాట మా అందరినీ కదిలించింది' అని ఉంది. ఆ మాట ఛాయాదేవిదే. ముప్పై ఏడింటిలోకీ ఇదే బాగా కుదిరిందని ఆ రోజు తనలో తను నవ్వుకుంది కూడా.

"నలభై నాలుగేళ్ళ కాపురం. ఒక్కసారి నాతో అనొచ్చుగా? పరాయివాళ్ళకి రాసుకుందీ..." ఆయన కాసేపు కార్పెట్ చూశారు. "అసలు కాగితం చూడాలమ్మా. ఆమె రాత చూడాలి. కాపీ ఇస్తావా?"

"కాపీలన్నీ నమ్రత దగ్గరున్నాయి."

"రేపు సెనేటర్ ఆఫీసులో మీటింగుందన్నావుగా. నేనూ వస్తాను. అక్కడే తీసుకుంటాను."

ఆయన కాగితాన్ని మళ్ళీ తొడుగులో పెట్టుకుని వెళ్ళారు. ఛాయాదేవి కిటికీలోంచి చూసింది. కారు స్టార్ట్ చేసి, వెనక్కి తియ్యకుండా చాలాసేపు అలాగే కూర్చున్నారు.

మధ్యాహ్నం నమ్రత ఫోన్ చేసింది. లా కాలేజీలో రెండో సంవత్సరం. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఈ ఒప్పందం సంగతి మొదట చదివి చెప్పింది తనే.

"ఆంటీ, గెస్ వాట్! సెనేటర్ ఆఫీస్ స్టాఫర్ కాల్ చేసింది. ఆ రేడియో లెటర్ ఉంది కదా, రేడియో ఒక్కటే విన్నది అని? అది చదివి షి క్రైడ్, ఆంటీ. ఆ లేడీని మీట్ అవ్వాలి అంది. ఆవిడ వస్తుందా రేపు? నేను పికప్ చేస్తాను."

"రాలేరమ్మా."

"ఓ, సిక్ ఆ?"

"ఊళ్ళో లేరు."

"ఓకే. దట్స్ సో సాడ్. ఆంటీ, లాస్ట్ థింగ్. అన్ని పేర్లు రియల్ కదా? వాళ్ళు ర్యాండమ్‌గా కాల్ చేస్తారు, చెక్ చేయడానికి."

"అందరూ మనవాళ్ళేనే," అంది ఛాయాదేవి. ఫోన్ పెట్టేశాక తను ఎంత తెలివిగా జవాబు చెప్పిందో గ్రహించి, తన మీద తనకే అసహ్యం పుట్టింది. ఒక్క రోజులో మూడు అబద్ధాలు. ఇంట్లో ఎవరూ లేకపోయినా బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని మొహం కడుక్కుంది.

గురువారం పదింటికి మీటింగు. సెనేటర్ ఆఫీసు ఒక మూడంతస్తుల భవనంలో ఉంది, కింద పెద్ద పార్కింగ్ లాట్. ఛాయాదేవి తొమ్మిదిన్నరకే వచ్చింది. మల్లికార్జునరావు గారు అప్పటికే వచ్చి ఉన్నారు. ముదురు నీలం సూటు, టై. జూన్ ఎండలో తలుపు తీసి ఉన్న కారు పక్కన నిలబడి ఉన్నారు, చేతిలో ఇంకో ఖాళీ ప్లాస్టిక్ తొడుగు. ఆ ఖాళీ తొడుగు చూశాక ఛాయాదేవికి ఇక దాటవేసే దారి కనపడలేదు.

ఇంతలో నమ్రత వచ్చి ట్రంకులోంచి అట్టపెట్టె తీసింది. "హాయ్ అంకుల్! మీకు కాపీ కావాలి అన్నారట? అన్నీ ఆల్ఫబెటికల్‌గా పెట్టాను. ఒన్ సెకండ్." పెట్టెని కారు మీద పెట్టి, చకచకా కాగితాలు వేళ్ళతో తిప్పడం మొదలుపెట్టింది.

ఛాయాదేవి పెట్టె మీద చెయ్యి పెట్టింది.

"తియ్యకమ్మా. బాబాయిగారూ, ఆ ఉత్తరం పిన్నిగారు రాయలేదు. నేను రాశాను."

ఆయన అర్థం కానట్టు చూశారు. "ఆమె చెప్తే రాశావా?"

"చెప్పలేదు. మేలో రాశాను. వందకి ఒకటి తక్కువైతే రాశాను. ఆ మాట ఆవిడ అనలేదు. ఎప్పుడూ అనలేదు. నేనే కల్పించాను. సంతకం కూడా నేనే పెట్టాను. నిన్న మీకు డిసెంబరని చెప్పింది కూడా అబద్ధం." ప్రతి మాటా విడివిడిగా పలికింది. "అలాంటివి ఇంకో ముప్పై ఆరు ఉన్నాయి నమ్రతా."

నమ్రత వేళ్ళు కాగితాల మధ్య ఆగిపోయాయి. "వాట్ డు యూ మీన్ ఆవిడ... ఆవిడ ఎక్కడ?"

"జనవరిలో పోయారు."

నమ్రత పెట్టె మూత వేసింది. నాలుగడుగులు దూరంగా వెళ్ళి అటు తిరిగి నిలబడింది.

మల్లికార్జునరావు గారు కారు సీటులో ఒక పక్కకి, కాళ్ళు బయట పెట్టుకుని కూర్చున్నారు. టై కొంచెం వదులు చేసుకున్నారు. తిడతారని ఛాయాదేవి ఎదురుచూసింది. తిట్టించుకోవాలని ఉంది ఆమెకి.

"ఆమె అనలేదా?"

"లేదు."

"ఒట్టు?"

"మీ పాదాల మీద ఒట్టు బాబాయిగారూ."

ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. "వంట చేసేటప్పుడు పాడేది. నేను కిచెన్‌లోకొస్తే ఆపేసేది, సిగ్గు. అందుకని బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని వినేవాణ్ణి. టీవీ సౌండు తీసేసి, చడీచప్పుడూ చెయ్యకుండా. ఎన్నేళ్ళో! ఆమెకి తెలీకూడదనే నా తాపత్రయం. సోమవారం ఈ ఉత్తరం వచ్చింది. అయ్యో, నేను విన్నానని ఆమెకి తెలీకుండానే పోయిందే, ఎవరూ వినలేదనుకుంటూ పోయిందే అని..." కళ్ళజోడు తీశారు. "మూడు రోజులనించీ ఆ మెట్ల మీద అడుగు పెట్టలేదమ్మా. వాషింగ్ మెషిన్ కిందే ఉంది. బట్టలు కూడా ఉతుక్కోలేదు."

ఛాయాదేవికి క్షమించమనడం కూడా సిగ్గుగానే ఉంది, ఆ మాట ఎంత చవకో నిన్న మూడు అబద్ధాలాడిన నోటికి తెలుసు.

"ఆమెకి తెలుసో తెలీదో నాకెప్పటికీ తెలీదు," అన్నారాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. "సరే. తెలీకపోవడం వరకే అయితే బతకొచ్చు." అప్పుడు తలెత్తి ఆమెని చూశారు. ఆ చూపులో కోపం ఇప్పుడొచ్చింది. "ఎందుకు నిలబడ్డావ్? పైకెళ్ళి వాళ్ళకి చెప్పు. పాడినవాళ్ళని అడక్కుండా తనదంటాడని ఎవరినో తిడుతూ నా చేత సంతకం పెట్టించావు. వెళ్ళు."

పైన మీటింగు పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. స్టాఫర్ ఛాయాదేవికి కూతురయ్యే వయసు పిల్ల. శ్రద్ధగా విని, ముప్పై ఏడు పేర్లూ రాసుకుని, నిజం చెప్పినందుకు కృతజ్ఞతలంది. ఇక మిగిలిన అరవై మూడింటిని కూడా తాము పరిశీలించేదాకా లెక్కలోకి తీసుకోలేమని అంతే మర్యాదగా చెప్పింది. ఆ రేడియో ఉత్తరాన్ని ఆమె అంతకుముందే తన టేబుల్ వెనక బోర్డుకి గుచ్చి పెట్టుకుంది. మాట్లాడుతూనే లేచి, గుండుసూది తీసి, దాన్ని మిగతా వాటిలో కలిపేసింది.

లిఫ్టులో నమ్రత నేల చూస్తూ అంది. "ఆ సిక్స్‌టీ త్రీ మందిని నేను ఒక్కొక్కళ్ళకి కాల్ చేసి మళ్ళీ అడుగుతాను. మీరు చేయకండి, ఆంటీ. ప్లీజ్."

"నేను ఆ ముప్పై ఆరుగురికీ చేస్తాను," అంది ఛాయాదేవి.

లిఫ్టు తెరుచుకోగానే నమ్రత పెట్టెతో ముందు నడిచింది.

శుక్రవారమంతా, శనివారం మధ్యాహ్నందాకా ఫోన్లతోనే సరిపోయింది. ప్రతివాళ్ళకీ జరిగింది జరిగినట్టు చెప్పింది. మీ పేరు మీద నేను దొంగ సంతకం పెట్టాను, తీసేయించాను, ఈ సంగతి ఆదివారం రేడియోలో ఒప్పుకుంటున్నాను, మీ పేరు చదవమంటారా వద్దా అని అడిగింది. పదకొండేళ్ళలో ఎవరినీ అడగని ప్రశ్న. "అయ్యో, అడిగితే పెట్టేవాళ్ళం కదండీ," అన్నారు కొందరు, అది మరీ గట్టిగా తగిలింది. ఇద్దరు మాట మధ్యలోనే ఫోన్ పెట్టేశారు. గుడి కమిటీలో ఉన్న సుమతి గారు "ఇదేం పనండీ, చదువుకున్నవారు!" అని పావుగంట దులిపేసింది. ఛాయాదేవి "అవునండీ, అవునండీ" అంటూ చివరిదాకా విని, "మరి చదవమంటారా?" అని అడిగింది. వద్దంది. నోట్‌బుక్‌లో ఆ పేరు కొట్టేసింది.

వినీత్ మాత్రం ఆలోచించుకోవడానికి కూడా టైం తీసుకోలేదు. "చదువుండ్రి ఆంటీ. నేను పెట్టలేదని ఎక్కడో ఒకచోట రికార్డుల ఉండాలె." ఫోన్ పెట్టేముందు, "మా లాయర్ ఏం కాదన్నడు," అన్నాడు. ఆమె మనసు తేలికపరచడానికే అన్నాడని తెలుస్తూనే ఉంది.

ఆఖరి ఫోన్ చేసే ముందు కృష్ణకుమారి గారి పాట సరిచూసుకుందామని ఛాయాదేవి అసలు క్యాసెట్ తీసింది. ప్రసారానికి వాడే సీడీలో పాట ఒక్కటే ఉంటుంది. ముందూ వెనకా మాటలన్నీ కోసి సీడీకి ఎక్కించడం ఆమె పద్ధతి. టేపు కొంచెం వదులైంది. పెన్సిల్ దూర్చి బిగించి, డెక్‌లో పెట్టి, మొదటినించీ నొక్కింది.

పాట మొదలవడానికి నిమిషం ముందు డెక్ ఆపేసింది. మళ్ళీ వెనక్కి తిప్పి ఇంకోసారి విన్నది. ఆ తర్వాత కుర్చీలోంచి జారి కార్పెట్ మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చింది.

ఫోన్ మూడో రింగుకి ఎత్తారు మల్లికార్జునరావు గారు.

"బాబాయిగారూ, రేపు పిన్నిగారి పేరు కూడా చదవమంటారా?"

"చదువు. పాట కూడా వెయ్యి. కోరింది నేనొక్కణ్ణే, ఒక్క పేరే చెప్పు." అన్నారాయన. "జనవరి నించీ నీకు ఫోన్ చేసినప్పుడల్లా ఇద్దరి పేర్లూ చెప్పాను కదా. నేను మాత్రం ఆమెని అడిగానా?"

"పాటకి ముందు పిన్నిగారి మాటలున్నాయి. అప్పుడు నేనే కోసేశాను. మీ గురించే."

"తిట్టిందా?"

"లేదు. టేపు ఇప్పుడే ఇంటికి తెచ్చి వినిపిస్తాను. రేడియోలో వెయ్యొద్దంటే వెయ్యను."

"ఏమందో నువ్వు చెప్పకు. నీ నోటి వెంట వద్దు." గొంతు సవరించుకున్నారు. "తీసుకురావద్దు కూడా. ఆదివారం పదింటికి కదా ఆమె పాట వచ్చేది. అప్పుడే వింటాను. ఏదీ కొయ్యకుండా వెయ్యి."

ఆదివారం పదింటికి స్టూడియోలో ఎర్ర దీపం వెలిగింది. ఛాయాదేవి ఎప్పటిలా నమస్కారం చెప్పింది. నోట్‌బుక్ కాకుండా ఒక తెల్లకాగితం ముందు పెట్టుకుంది.

"పాటలకి ముందు ఒక మాట. ప్రసార హక్కుల ఒప్పందం గురించి సెనేటర్ గారికి పంపిన వంద ఉత్తరాల్లో ముప్పై ఏడు నేను రాసినవి, నేను సంతకం పెట్టినవి. ఆ మనుషుల్ని నేను అడగలేదు. ఇప్పుడు అడిగి, చదవమన్నవారి పేర్లే చదువుతున్నాను. ఆ ఉత్తరం రాయనివారు, ఆ మాటలు అననివారు..."

గొంతు పాత బాణీలో పడిపోబోతే పట్టి ఆపింది. ఒక్కో పేరూ విడిగా చదివింది. ఎల్జిన్ నుంచి ఉమ. హాఫ్‌మన్ ఎస్టేట్స్ నుంచి రేణు. షామ్‌బర్గ్ నుంచి వినీత్. మొత్తం ఇరవై రెండు పేర్లు. అద్దం అవతల కంట్రోల్ రూంలో కాలేజీ కుర్రాడు, భాష తెలీకపోయినా, కుర్చీలో నిటారుగా కూర్చుని చూస్తున్నాడు. ఆమె మొహం మండిపోతోంది. ఇరవై మూడో పేరు దగ్గర నీళ్ళు తాగి చదివింది.

"కృష్ణకుమారి గారు. ఆ ఉత్తరం ఆవిడ రాయలేదు. ఆవిడ పాడిన దంపుళ్ళ పాట ఇప్పుడు వింటారు. ఈ పాట కోరినవారు, షామ్‌బర్గ్ నుంచి, మల్లికార్జునరావు గారు."

రెండో పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, బటన్ నొక్కింది.

టేపు బుస, కుర్చీ జరిపిన చప్పుడు. ఆ తర్వాత కృష్ణకుమారి గారి గొంతు, నవ్వుతూ, కొంచెం బెదురుగా.

"ఇట్లా ఖాళీ గదిలో నాకు పాట రాదమ్మాయ్. ఇంట్లో అయితే ఆయన మెట్ల మీద కూర్చుంటారు. టీవీ సౌండు తీసేస్తారుగా, నాకు తెలిసిపోతుంది. తెలీనట్టే పాడతాను. తెలిసిందంటే సిగ్గుపడి లేచిపోతారు మనిషి."

వెంటనే ఛాయాదేవి గొంతు, రెండేళ్ళనాటిది, తొందరగా. "అవన్నీ కట్ చేసేస్తాంలెండి పిన్నిగారూ. మీరు పాట కానివ్వండి. పోనీ, దంచడానికి ఏమైనా ఇవ్వనా?"

కాసేపటికి, ఆ రోజు స్టూడియోలో దొరికిన టెలిఫోన్ డైరెక్టరీ మీద మడిచిన గొడుగు దెబ్బ పడింది. రెండోది, మూడోది. పాట మొదలైంది. స్టూడియో ఫోను మోగలేదు. పాట అయిపోయేదాకా ఛాయాదేవి తలెత్తలేదు.